గంటలు చెప్పుడు కాదు, ఆంపియర్ల లెక్క చెప్పాలె!

రాత్రి పదకొండున్నరకు గాలివాన మొదలైంది. కరెంటు పోయింది. ఇంట్ల ఇన్వర్టర్ ఉన్నది గదా, భయం లేదనుకున్నరు. మంచం పక్కన ఆక్సిజన్ కాన్సంట్రేటర్ నడుస్తున్నది, దాని పైపు బాపు ముక్కుకు ఉన్నది. పైన ఫ్యాను తిరుగుతున్నది, మూలకు చిన్న బల్బు వెలుగుతున్నది. "నాలుగున్నర గంటలు ఢోకా లేదు" అని మూడేండ్ల కింద అమ్మినాయన చెప్పిన మాట అందరికీ యాదికి ఉన్నది. ఒకటిన్నర గాకముందే ఇన్వర్టర్ కీచుకీచుమని అరిచింది. ఐదు నిమిషాలకు ఇల్లంత చీకటి. మెషిన్ ఆగింది. కొడుకు చీకట్ల తడుముకుంట మంచం కింది చిన్న సిలిండర్ బయటికి గుంజి, పైపు మార్చి, వాల్వు తిప్పేదాక ఆ ఇంట్ల ఎవ్వరికీ ఊపిరాడలేదు.

ఇది మాకు తెలిసిన ఇంట్ల జరిగిన ముచ్చట. డాక్టర్ ముందుచూపుతోని సిలిండర్ పెట్టుకోమన్నడు కాబట్టి బాపు బతికిండు. తెల్లారి కొడుకు దుకాణానికి పోయి అడిగితే వచ్చిన జవాబు ఏంది? "బ్యాటరీ పాతదైంది తమ్మీ, కొత్తది ఏసుకో."

దుకాణం పేరు మేం రాస్తలేం. ఒక్క దుకాణం తప్పయితే దానితోనే కొట్లాడేటోళ్లం. ఇది ఊరూరా, గల్లీ గల్లీల నడుస్తున్న పద్ధతి. లెక్క చెప్పకుండ గంటలు చెప్పుడు, కొన్నోని అమాయకత్వం మీద బతుకుడు. ఆ పద్ధతినే మేం నిలదీస్తున్నం. బ్యాటరీ ముసలిదైంది నిజమే. కానీ కొత్తగ ఉన్ననాడు కూడ అది నాలుగున్నర గంటలు ఇయ్యలేదు, ఇయ్యజాలదు. అమ్మిన దినమే అది అబద్ధం. ఎట్లనో లెక్కేసి చూపిస్తం.

కరెంటు అంటం, కరెంటు అడగం

మన నోట్ల "కరెంటు" అంటే విద్యుత్తు మొత్తం. కరెంటు వచ్చింది, కరెంటు పోయింది, కరెంటు బిల్లు, కరెంటు ఆఫీసు. అంతా కరెంటే. కానీ అసలు కరెంటు అంటే తీగల పారే ప్రవాహం. దాన్ని కొలిచేది ఆంపియర్. పొలంల మోటర్ కాలబెట్టుకున్న ప్రతి రైతుకు ఈ ముచ్చట మాకన్న బాగ ఎరుక. వోల్టేజీ పడిపోతే మోటర్ ఎక్కువ ఆంపియర్లు గుంజుతది, వైండింగ్ కాలుతది. స్టార్టర్ డబ్బాల ఆంపియర్ మీటర్ ముల్లు చూసి మోటర్ నాడి చెప్పే రైతు కొడుకు, పట్నంల ఇన్వర్టర్ కొనేటప్పుడు మాత్రం ఆంపియర్ ఊసెత్తడు. ఎందుకంటే డబ్బా మీద ఆ అంకె పెద్దగ రాయరు, దుకాణంల చెప్పరు. ఎంతసేపూ "ఎన్ని గంటలు" అనే ముచ్చటే.

గంటలు అనేది జవాబు. ఆంపియర్లు అనేది ప్రశ్న. ప్రశ్న అడగకుండనే జవాబు అమ్ముతున్నరు.

నాలుగున్నర గంటలు రెండెట్లయినయి?

ఆ ఇంట్ల లోడు ఇదీ: కాన్సంట్రేటర్ 320 వాట్లు, ఫ్యాను 70, బల్బు 10. మొత్తం 400 వాట్లు. బ్యాటరీ 12 వోల్టులది, 150 ఆంపియర్ అవర్లది.

దుకాణం లెక్క: 150ని 12తోని గుణిస్తే 1,800. దాన్ని 400తోని భాగిస్తే నాలుగున్నర. అయిపోయింది. ఐదో తరగతి పిల్లగాడు కూడ చేస్తడు. చూడనీకి లెక్కనే, లోపల మూడు దగాలు.

మొదటిది: ఇన్వర్టర్ వట్టిగనే పనిచెయ్యదు. బ్యాటరీ నుంచి తీసుకున్న దాంట్ల కొంత వేడి కింద పోతది. నూటికి ఎనభై పాళ్లు బయటికి వస్తయి అనుకుందాం. అంటే 400 వాట్లు కావాలంటే బ్యాటరీ 500 వాట్లు ఇయ్యాలె. 500ని 12తోని భాగిస్తే దాదాపు 41.7 ఆంపియర్లు. ఇదీ ఆ బ్యాటరీ మీద పడ్డ అసలు బరువు. ఈ అంకె దుకాణంల ఎవ్వరు చెప్పిన్రు? ఈ ఒక్క దగాతోనే నాలుగున్నర గంటలు 3 గంటల 36 నిమిషాలకు దిగుతది.

రెండోది అన్నిటికన్న పెద్దది. బ్యాటరీ మీది 150 అనే అంకె ఎక్కడిది? ఇండ్లల్ల వాడే ఇన్వర్టర్ బ్యాటరీలకు మామూలుగ అది 20 గంటల లెక్క. దాన్నే సి20 అని చిన్న అక్షరాలల్ల అచ్చేస్తరు. అంటే 7.5 ఆంపియర్ల చొప్పున నెమ్మదిగ తీసుకుంటే 20 గంటలల్ల 150 వస్తది. కానీ ఈ ఇంట్ల తీసుకుంటున్నది 7.5 కాదు, 41.7. అయిదున్నర రెట్లు! సీసం బ్యాటరీని ఎంత గట్టిగ పిండితే అంత తక్కువ ఇస్తది. ఆవును పాలు పిండినట్టే, నెమ్మదిగ పిండితే కుండ నిండుతది, గుంజి పిండితే తన్ని పోతది. ఇది మేం కనిపెట్టింది కాదు. 1897లోనే పాయికర్ట్ అనే జర్మన్ శాస్త్రవేత్త దీనికి సూత్రం రాసిండు. ఆ సూత్రంల సూచీని 1.2గ తీసుకొని లెక్కేస్తే, కొత్త బ్యాటరీ కూడ ఈ లోడు మీద దాదాపు రెండున్నర గంటలే నడుస్తది. నూరేండ్లు దాటిన సూత్రం దుకాణం గడప దాటి లోపలికి రాలేదా? వచ్చింది. గల్లా పెట్టె కింద దాచిపెట్టిన్రు.

మూడోది వయసు. సీసం బ్యాటరీ దినదినం కరుగుతది. పెద్ద పెద్ద కేంద్రాలకు బ్యాటరీలు లెక్కగట్టే ఇంజనీర్లు వాడే ఐఇఇఇ 485 అనే ప్రమాణం ఒకటి ఉన్నది. బ్యాటరీ సామర్థ్యం 80 శాతానికి పడితే దాని ఆయుష్షు తీరినట్టే లెక్క. అందుకే ముందే 25 శాతం ఎక్కువ పెట్టుకోమంటది. వాళ్లకు ఆ జాగ్రత్త ఉన్నది. మన ఇంటికి లేదు. రెండున్నర గంటల్ల 80 శాతం ఎంత? రెండు గంటల చిల్లర. ఒకటిన్నరకు చీకటైంది ఇందుకే. బ్యాటరీ మోసం చెయ్యలేదు. అది చెప్పినట్టే నడిచింది. చెప్పింది విననియ్యకుండ చేసినోళ్లు వేరే ఉన్నరు.

మన ఎండలు ఇంకొక దెబ్బ. బ్యాటరీ లెక్కలు 25, 27 డిగ్రీల దగ్గర కడతరు. సుమారు పది డిగ్రీల వేడి పెరిగితే సీసం బ్యాటరీ ఆయుష్షు సగం పడిపోతదని ఈ పనిల ఉన్నోళ్లందరికీ తెలుసు. రామగుండం, కొత్తగూడెం ఎండలల్ల డాబా మెట్ల కింద, రేకుల షెడ్డుల పెట్టిన బ్యాటరీ గతేంది? "అయిదేండ్లు నడుస్తది" అని చెప్పినాయన ఎన్నడన్న మే నెలల ఆ రేకుల కింద నిలబడ్డడా?

వీఏ అనే మాయ

డబ్బా మీద కొట్టొచ్చినట్టు అచ్చేసేది 900 వీఏ అని. కొనేటోడు దాన్ని 900 వాట్లు అనుకుంటడు. అనుకోవాలనే అట్ల అచ్చేస్తరు. వోల్టులను ఆంపియర్లతోని గుణిస్తే వచ్చేది వీఏ. నిజంగ పని చేసేది వాట్. రెండింటి నడుమ పవర్ ఫ్యాక్టర్ అనే పద్దు ఉంటది. అది 0.8 అయితే 900 వీఏ డబ్బా మోసేది 720 వాట్లే. 0.7 అయితే 630. పైన పటారం, లోన లొటారం.

ఇంతకన్న పెద్ద గండం మోటర్ ఉన్న సామాన్లతోని. ఫ్రిజ్ నడిచేటప్పుడు 150 వాట్లే కావచ్చు, ఒక ఆంపియర్ లోపే గుంజచ్చు. కానీ కంప్రెసర్ మొదలయ్యే ఆ క్షణంల అయిదారు రెట్లు గుంజుతది. అంటే అయిదు ఆంపియర్ల పైన. 230 వోల్టుల మీద అది పన్నెండు వందల వీఏ దాక పోతది. అప్పటికే కాన్సంట్రేటర్, ఫ్యాను మోస్తున్న 900 వీఏ ఇన్వర్టర్ ఆ దెబ్బకు ట్రిప్ అయితది. ఫ్రిజ్ ఆగితే పాలు విరుగుతయి, అంతే. దాని వెంట కాన్సంట్రేటర్ ఆగితే? "ఫ్రిజ్ కూడ నడుస్తది అన్నా, ఏం కాదు" అని చెప్పే నోటికి ఈ ఒక్క క్షణం లెక్క తెల్వదా?

మోటర్ ఉన్న మెషిన్లు, దవాఖాన సామాన్లు సైన్ వేవ్ ఇన్వర్టర్ మీదనే నడవాలె. తక్కువ ధరకు వచ్చే స్క్వేర్ వేవ్ డబ్బాల మీద ఫ్యాను గుర్రుమంటది, మోటర్ వేడెక్కుతది. ఆ తేడా గూడ అడిగితేనే చెప్తరు, అడగకపోతే లేదు.

మాట లావు, తీగ సన్నం

బ్యాటరీకి, ఇన్వర్టర్‌కు నడుమ రెండు తీగలుంటయి, ఒకటి ఎరుపు, ఒకటి నలుపు. ఎవ్వరూ పట్టించుకోని తీగలు ఇవే. ఇంటి గోడల్ల పోయే 230 వోల్టుల తీగల మూడు ఆంపియర్లు పారితే, అదే పనికి 12 వోల్టుల తీగల డెబ్బయి, ఎనభై పారుతయి. 900 వీఏ ఇన్వర్టర్ నిండ లోడు మోస్తే, 720 వాట్లకు బ్యాటరీ దిక్కు 75 ఆంపియర్లు. బ్యాటరీ దిగజారి 10.5 వోల్టులకు వచ్చిందంటే అదే లోడుకు 85 దాటుతది. వోల్టు తగ్గినకొద్దీ ఆంపియర్ పెరుగుతది. ఊళ్లె మోటర్ కాలిన కథే ఇక్కడ గూడ.

10 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ తీసుకొని బ్యాటరీని మూడు మీటర్ల దూరంల పెట్టిన్రు అనుకుందాం. పోనూ రానూ ఆరు మీటర్లు. 75 ఆంపియర్లు పారితే దాంట్లనే 0.8 వోల్టు పోతది. 12 వోల్టులల్ల 0.8 అంటే చిన్న ముచ్చట గాదు. బ్యాటరీల ఇంకా సరుకు ఉన్నా, తీగ చివర తక్కువ వోల్టు చూసిన ఇన్వర్టర్ "అయిపోయింది" అని మూతబడుతది. అదే 25 చదరపు మిల్లీమీటర్ల తీగ ఏస్తే పోయేది వోల్టుల మూడో వంతు మాత్రమే. తీగల మిగిల్చిన పైసలు ఎవరి జేబులకు పోయినయో, చీకటి ఎవరి ఇంటికి వచ్చిందో చూడున్రి.

ఫ్యూజు లేకుండ బ్యాటరీ తీగలు బిగించి పోయేటోళ్లు ఉన్నరు. షార్ట్ అయితే సీసం బ్యాటరీ వందల ఆంపియర్లు ఒక్కసారే కక్కుతది. తీగ ఎర్రగ కాలుతది, ఇల్లు అంటుకుంటది. బ్యాటరీ పక్కనే, ఆ తీగ మొయ్యగల ఆంపియర్లకు తగ్గ ఫ్యూజు ఉండాలె. తీగ మోసేదానికన్న ఫ్యూజు పెద్దదైతే అది ఉన్నా లేనట్టే.

ఖాళీ అయింది సరే, నిండేదెప్పుడు?

గంటలు చెప్పేటోళ్లు ఇంకొక గంట దాస్తరు, నింపుడు గంట. మన లెక్కల కొత్త బ్యాటరీ రెండున్నర గంటలల్ల నూరు ఆంపియర్ అవర్లు దాటి ఇచ్చింది. దాన్ని నింపాలంటే, సీసం బ్యాటరీల పోయే భాగం కలుపుకొని, 120 పైన లోపలికి పొయ్యాలె. ఇన్వర్టర్‌ల ఛార్జర్ 10 ఆంపియర్లదైతే పన్నెండు, పదమూడు గంటలు. 15 ఆంపియర్లదైతే ఎనిమిది, తొమ్మిది గంటలు.

2012, 2013 ఎండకాలాలు యాదికి తెచ్చుకోన్రి. పొద్దుగాల పోయేది, మాపటికి మళ్ల పోయేది. నడుమ వచ్చిన నాలుగు గంటలల్ల బ్యాటరీ సగం గూడ నిండకపోయేది. సగం బ్యాటరీ సగం గంటలే ఇస్తది. పైగా సగం నిండి సగం ఖాళీగ ఎప్పుడూ ఉండే సీసం బ్యాటరీ లోపల సల్ఫేట్ గడ్డకట్టి తొందరగ చస్తది. ఆ రెండేండ్లల్ల ఎన్ని ఇండ్లల్ల బ్యాటరీలు అర్ధాయుష్షుతోని పోయినయో ఎవ్వరన్న లెక్క రాసిన్రా? మళ్ల కొత్తవి కొన్నది మనమే. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలైనట్టు.

రూటర్ నుంచి టెండర్ దాక ఇదే కథ

ఇంటి ముచ్చట ఒక్కటే అనుకోవద్దు. ఇంట్ల కూసోని ఆఫీసు పని చేసే ఉద్యోగికి, ఆన్‌లైన్ పరీక్ష రాసే విద్యార్థికి రూటర్ కోసం చిన్న బ్యాకప్ డబ్బా అమ్ముతున్నరు. దాని మీద 8,000 మిల్లీ ఆంపియర్ అవర్ అని ఉంటది. రూటర్ ఒక ఆంపియర్ తీసుకుంటది కాబట్టి ఎనిమిది గంటలు అంటరు. ఆ 8,000 ఏ వోల్టు మీద? లోపలి సెల్లు 3.7 వోల్టులది. రూటర్‌కు కావాల్సింది 12 వోల్టులు. 3.7ను 8తోని గుణిస్తే 29.6 వాట్ అవర్లు. మార్చేటప్పుడు పోయేది తీసేస్తే 25. రూటర్ నిజంగ 12 వాట్లు తీసుకుంటే రెండు గంటలు. ఎనిమిది గంటలు ఎక్కడ, రెండు గంటలు ఎక్కడ? పరీక్ష నడుమ తెర ఆగిపోయిన పిల్లగానికి ఎవరు జవాబు చెప్తరు?

ఆఫీసులకు, కాలేజీలకు, దవాఖానాలకు కొనే పెద్ద యూపీఎస్‌ల కాడికి పోదాం. టెండర్ కాగితంల "10 కేవీఏ, ఇన్ని వీఏహెచ్" అని రాస్తరు. వీఏహెచ్ అంటే బ్యాటరీ వోల్టులను ఆంపియర్ అవర్లతోని గుణించుడు. 12 వోల్టుల, 42 ఆంపియర్ అవర్ల బ్యాటరీలు 16 పెడితే 192ను 42తోని గుణించి 8,064 అంటరు. నిండ లోడు 9 కిలోవాట్లు అనుకుంటే, ఈ కాగితం లెక్కన 54 నిమిషాలు రావాలె. కానీ ఆ లోడుకు బ్యాటరీ దిక్కు 50 ఆంపియర్లు పారుతయి. 20 గంటల లెక్కన 2.1 ఆంపియర్లు ఇచ్చే బ్యాటరీని 50 అడుగుతున్నం! వచ్చేది అర్ధగంట లోపే. కాగితం మీద 54, గది లోపల అర్ధగంట. పాతబడితే ఇంకా తక్కువ. కాగితం మీద సంతకాలు చేసిన చేతులకు చెమట పట్టదు. ఆపరేషన్ టేబుల్ దగ్గర నిలబడ్డ డాక్టర్‌కు, నర్సుకు పడుతది.

హాస్టళ్లల్ల, ఆఫీసులల్ల అగ్గి అలారం డబ్బాలుంటయి. అండ్ల గూడ బ్యాటరీనే. అమెరికా వాళ్ల ఎన్ఎఫ్‌పీఏ 72 అనే నియమావళి దానికి లెక్క చెప్తది: కరెంటు లేకుండ 24 గంటలు మామూలుగ కాపలా కాయాలె, ఆ తర్వాత గూడ అయిదు నిమిషాలు అలారం మోగాలె, దాని మీద 20 శాతం అదనం ఉండాలె. డబ్బా మామూలుగ 0.25 ఆంపియర్, అలారం మోగేటప్పుడు 1.8 ఆంపియర్ తీసుకుంటది అనుకుందాం. కాపలాకు 6 ఆంపియర్ అవర్లు, అలారానికి 0.15. మొత్తం 6.15. ఇరవై శాతం కలిపితే 7.38. అంటే అలవాటుగ పెట్టే 7 ఆంపియర్ అవర్ల బ్యాటరీ కొత్తగ ఉన్ననాడే చాలది! గోడ మీద ఎర్రటి డబ్బా ఉన్నది, పచ్చ లైటు వెలుగుతున్నది, పిల్లలు నిద్రపోతున్నరు. ఇంట్ల ఈగల మోత, బయట పల్లకీల మోత.

వాళ్ల సాకులు, మా జవాబులు

"ఇప్పుడు కరెంటు పోతలేదు గదా, ఎందుకీ లొల్లి?" అంటరు. 2018 జనవరి 1 నుంచి తెలంగాణల వ్యవసాయానికి 24 గంటల కరెంటు మొదలైంది. ఆ ముచ్చటను మేం తక్కువ చేస్తలేం. కానీ గాలివానకు స్తంభం కూలితే, గల్లీ ట్రాన్స్‌ఫార్మర్ పేలితే పై నుంచి ఎంత కరెంటు వచ్చినా మన ఇంటికి రాదు. 2024 సెప్టెంబర్ మొదట్ల ఖమ్మంల మున్నేరు, బెజవాడల బుడమేరు ఇండ్లను ముంచిననాడు ఏమైంది? కరెంటు అరుదుగ పోతున్నదంటే బ్యాటరీని ఎవ్వరూ చూస్తలేరన్న మాట. రోజూ పోయిననాడు దాని బలహీనత రోజూ తెలుస్తుండె. ఇప్పుడు ఆపద నాడే తెలుస్తది. అందుకే లెక్క ఇప్పుడు ఇంకా ఎక్కువ కావాలె.

"జనరేటర్ ఉన్నది" అంటరు దవాఖాన, ఆఫీసు పెద్దలు. జనరేటర్ అందుకునేదాక మోసేది బ్యాటరీనే. జనరేటర్ లేవకపోతే, డీజిల్ లేకపోతే, దాని సొంత స్టార్టింగ్ బ్యాటరీనే చచ్చి ఉంటే? అప్పుడు గూడ దిక్కు ఆ యూపీఎస్ బ్యాటరీయే.

"లిథియం వచ్చింది, పాత లెక్కలు పోయినయి" అంటరు ఇంకొందరు. లిథియం మంచిదే. గట్టిగ పిండినా సీసం లెక్క తగ్గదు, లోతుగ వాడుకోవచ్చు, తొందరగ నిండుతది. కానీ దాని లోపల బీఎంఎస్ అనే కాపలాదారు ఉంటడు. అతని హద్దు ఆంపియర్లలనే. 12.8 వోల్టుల, 100 ఆంపియర్ అవర్ల లిథియం బ్యాటరీల 1,280 వాట్ అవర్లున్నయి. బీఎంఎస్ హద్దు 50 ఆంపియర్లయితే ఒక్కసారికి 640 వాట్ల కన్న ఎక్కువ బయటికి రానియ్యడు. ఇన్వర్టర్‌ల పోయేది పోను మనకు దక్కేది 512. కాన్సంట్రేటర్, ఫ్యాను, బల్బు నడుస్తయి. ఫ్రిజ్ మొదలైన క్షణంల కాపలాదారు తలుపు ఏసేస్తడు, నిండ సరుకున్న బ్యాటరీ ముందు కూసోని చీకట్ల ఉండాలె. సీసమైనా, లిథియమైనా అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: ఎన్ని ఆంపియర్లు, ఎంతసేపు?

"చిన్నది కావాలని కొనేటోళ్లే అడుగుతరు, మేమేం జేస్తం?" అంటరు దుకాణపోళ్లు. ఇది సగం నిజం. పైసలు లేనోడు చిన్నదే కొంటడు. కొననియ్యున్రి. కానీ రెండు గంటలది రెండు గంటలని చెప్పి అమ్మున్రి. రెండు గంటలని తెలిస్తే ఆ కొడుకు ఇంకొక సిలిండర్ పెట్టుకుంటుండె, లేకుంటే ఒంటి గంటకే దవాఖానకు ఫోన్ జేస్తుండె. పేదోడు చిన్న బ్యాటరీతోని బతకగలడు. పెద్ద అబద్ధంతోని బతకలేడు. నిజాయితీగ లెక్కగట్టి అమ్మే మెకానిక్‌లు, దుకాణదారులు మన దగ్గర ఉన్నరు. వాళ్లకు మా దండం. వాళ్ల నోటికాడి కూడు గుంజుకుంటున్నది గూడ ఈ అబద్ధపు గంటలోళ్లే.

ఆ ఇంటికి ఏం కావాల్సి ఉండె?

తిట్టుడు ఒక్కటే చేస్తే మాకూ వాళ్లకూ తేడా లేదు. కాబట్టి అదే ఇంటికి సరైన లెక్క చెప్తున్నం. లోడు 400 వాట్లు, బ్యాటరీ ఇయ్యాల్సింది 500. అవే 150 ఆంపియర్ అవర్ల బ్యాటరీలు రెండు వరుసగ కలిపి, 24 వోల్టుల ఇన్వర్టర్ పెడితే బ్యాటరీ మీద పడే బరువు 41.7 నుంచి 20.8 ఆంపియర్లకు దిగుతది. నెమ్మదిగ పిండుతున్నం కాబట్టి కొత్తగ ఉన్ననాడు దాదాపు ఆరు గంటలు నడుస్తది. ఆయుష్షు తీరే నాటికి గూడ నాలుగున్నర గంటలు దాటి ఇస్తది. బ్యాటరీ రెట్టింపు చేస్తే గంటలు రెట్టింపు కన్న ఎక్కువైనయి. తీగల పోయే వోల్టు గూడ సగమైంది. దుకాణదారు చెప్పిన "నాలుగున్నర గంటలు" నిజం కావాలంటే ఆ దినం అమ్మాల్సింది ఇది. ఖర్చు ఎక్కువే. కానీ ఆ ఖర్చు పెట్టాలా వద్దా అని తేల్చుకునే హక్కు ఆ ఇంటిది. లెక్క దాచిపెట్టి ఆ హక్కునే గుంజుకున్నరు.

ఎవ్వరు ఎంత చెప్పినా, ఊపిరి మెషిన్ ఉన్న ఇంట్ల నిండు సిలిండర్ లేకుండ ఉండొద్దు. బ్యాటరీ లెక్క ఎంత సక్కగున్నా తీగ ఊడచ్చు. 2021 ఏప్రిల్, మే నెలలల్ల ఊపిరి కోసం ఊరు ఊరంతా తిరిగిన దినాలు మనం మరువలేదు. ఆనాడు కొన్న కాన్సంట్రేటర్లు ఇయ్యాళ్టికీ మన ఇండ్లల్ల ఉన్నయి.

ఇగ మనం చెయ్యాల్సింది

విద్యార్థులారా, ఉద్యోగులారా, ఇంటి పెద్దలారా! హక్కు అడుక్కుంటే రాదు, లెక్కతోని నిలదీస్తే వస్తది. మేం అడుగుతున్నవి ఇవీ:

ఒకటి. ఇన్వర్టర్, యూపీఎస్ అమ్మే ప్రతి దుకాణం బిల్లు మీద మూడు అంకెలు రాసియ్యాలె. లోడు ఎన్ని వాట్లు, ఆ లోడుకు బ్యాటరీ దిక్కు ఎన్ని ఆంపియర్లు, ఆ ఆంపియర్ల మీద కొత్త బ్యాటరీ ఎన్ని గంటలు. రాసియ్యనోని దగ్గర కొనొద్దు.

రెండు. డబ్బా మీద వీఏ పక్కన అంతే పెద్ద అక్షరాలల్ల వాట్లు అచ్చేయాలె. బ్యాటరీ మీద సి20నో, సి10నో కనబడేటట్టు ఉండాలె. ఒకే 150 అయినా 10 గంటల లెక్కన ఇచ్చేది, 20 గంటల లెక్కన ఇచ్చేదాని కన్న బలమైనది.

మూడు. సర్కారు టెండర్లల్ల వీఏహెచ్ అనే గుణకారం బంద్ కావాలె. "ఇంత వాట్ల లోడు మీద, బ్యాటరీ ఆయుష్షు చివర గూడ ఇన్ని నిమిషాలు" అని రాయాలె. సరుకు దించిన దినమే ఆ లోడు పెట్టి, గడియారం చూసి, నడిపించి చూపించినంకనే బిల్లు మంజూరు కావాలె.

నాలుగు. దవాఖానాలల్ల, హాస్టళ్లల్ల ఏడాదికొకసారి బ్యాటరీని లోడు మీద పరీక్షించి, తేదీ, నిమిషాలు రాసి గోడకు అతికించాలె. రాసిలేదంటే పరీక్ష జరగలేదన్నట్టే.

ఇవి వాళ్లు చేసేదాక మనం ఊకుండాలా? అక్కర లేదు. సమాచార హక్కు చట్టం 2005 నుంచి మన చేతిలున్నది. మీ కాలేజీ, మీ ఆఫీసు సర్కారుదైతే పది రూపాయలతోని దరఖాస్తు పెట్టున్రి: యూపీఎస్ బ్యాటరీలు ఎప్పుడు కొన్నరు, ఆఖరుసారి లోడు మీద ఎప్పుడు పరీక్షించిన్రు, ఎన్ని నిమిషాలు వచ్చింది? దుకాణం దగా చేస్తే 2019 వినియోగదారుల రక్షణ చట్టం ఉన్నది. తప్పుదోవ పట్టించే ప్రకటన ఆ చట్టం కింద తప్పే. 1915కు ఫోన్ జేయున్రి, జిల్లా కమిషన్‌ల కేసు వెయ్యున్రి. మాటల మీద కేసు నిలవదు, అందుకే గంటలు కాగితం మీద రాయించుకోన్రి.

ఇంజనీరింగ్ చదివే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఒక మాట. ఒక్క ఆదివారం మీ గల్లీకి ఇయ్యున్రి. ఊపిరి మెషిన్ ఉన్న ఇల్లు ఏదో మీకు తెలుసు. పోయి లోడు లెక్కగట్టున్రి, తీగ మందం చూడున్రి, బ్యాటరీ మీది తేదీ చూడున్రి. రోగిని సిలిండర్ మీదికి మార్చినంకనే మెషిన్‌ను ఇన్వర్టర్ మీద నడిపించి గడియారం చూడున్రి. వచ్చిన నిమిషాలను పెద్ద అక్షరాలల్ల రాసి ఇన్వర్టర్ మీద అతికించున్రి. డబ్బా మీద కంపెనీ అచ్చేసిన అంకె పక్కన మన చేతితోని రాసిన అంకె ఉండాలె.

బాపు ఇప్పుడు మంచిగున్నడు. ఆ ఇంట్ల ఇన్వర్టర్ మీద ఒక కాగితం అతికి ఉన్నది. కొడుకు రాసిండు: "400 వాట్లు. 41.7 ఆంపియర్లు. రెండు గంటలు. ఒకటిన్నర గంటకే సిలిండర్ తియ్యాలె."

ప్రతి ఇంట్ల ఆ కాగితం ఉండాలె. దుకాణంల గంటలు చెప్పే ప్రతి నోటికి మన జవాబు ఒక్కటే: గంటలు తర్వాత చెప్దువు, ముందు ఆంపియర్ల లెక్క చెప్పు!